రెండో కొస పట్టుకున్న మనిషి

మేస్త్రిగారు పోయినారన్న సమాచారం నాకు రెండు ప్రతులుగా అందింది. మొదటి ప్రతి ఉదయం ఏడున్నరకు ఫోనులో, ఆయన భార్య గొంతులో వచ్చింది. "ఆయప్ప పోయినాడు నాయనా. కాఫీ తాగి మళ్ళా పండుకున్నాడు, లేవలే" అని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. పావుగంట తర్వాత రెండో ప్రతి మోపెడ్ మీద వచ్చింది. ఆమె తమ్ముడు, ఆయనా కట్టడపు పనివాడే, చొక్కా మీద సిమెంటు మరకలతో గేటు దగ్గర నిలబడి, "అక్క ఫోన్లో ఏం చెప్పిందో ఒకసారి చెప్పప్పా" అన్నాడు. చెప్పాను. కళ్ళు మూసుకొని విన్నాడు. "కాఫీ తాగినాక అనే గదా చెప్పింది?" అని అడిగాడు. అలాగే చెప్పిందన్నాను. "సరి, నిలబడింది" అని, నా సానుభూతి వాక్యం పూర్తయ్యేలోగా తర్వాతి ఇంటికి బయలుదేరాడు.

ఆ ఇంట్లో ఏ సంగతైనా చెప్పినంత మాత్రాన చేరినట్టు కాదు. చెప్పింది చెప్పినట్టే చేరిందా అని రెండో మనిషి వెళ్ళి విచారించాలి. ఈ నియమాన్ని ప్రవేశపెట్టినవారు మేస్త్రిగారే. తన మరణవార్తకు కూడా ఆయన మినహాయింపు ఇవ్వలేదు.

ఆయనను గురించి మన వేలూరు తెలుగువాళ్ళ సంఘం సంచికకు రాయవలసిందిగా నన్ను ఆదేశించారు. మన సభ్యుల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం బాగా వచ్చును, చదవడం రాదు. కాబట్టి ఈ వ్యాసాన్ని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పైకి చదివి వినిపించవలసి ఉంటుంది. చదివేవారు పేరా పేరాకూ ఆగి, వినేవారు విన్నామని చెప్పిన మీదటే ముందుకు సాగవలెనని మనవి. ఇది నా కోరిక కాదు, ఆయన పద్ధతి. ఇక ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్ళు వేలూరులో ముగ్గురో నలుగురో ఉండేవారు, వాళ్ళంతా ఆయనకంటే ముందే వెళ్ళిపోయారు. మిగిలిన మా అందరికీ ఆయన మేస్త్రి. కంప్యూటరు ముందు కూర్చున్న పదేళ్ళలోనూ ఆయన చెవి మీద పెన్సిలు పెట్టుకోవడం మానలేదు. ఆ పెన్సిలుతో ఆయన కాగితం మీద ఏదైనా రాయగా నేను చూడలేదు. ఆయన గోడల మీద మాత్రమే రాసేవారు.

ఇటుక పనిలో ఒక పనిముట్టు ఉంది. మీలో సగం మందికి నేను చెప్పనక్కరలేదు, మిగిలిన సగం కోసం చెబుతున్నాను. అది నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్కు ట్యూబు, లోపలి నీళ్ళు బయటికి కనిపిస్తాయి. ఇంట్లో ఒక మూలన వేసిన గీత ఎత్తును రెండో మూలకు తీసుకుపోవడానికి దాన్ని వాడతారు. ఒక కొస ఒకరు పట్టుకుంటారు, రెండో కొస ఇంకొకరు. నడుమ ఎన్ని గోడలు అడ్డమున్నా రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. అయితే వెంటనే నిలవవు. కాసేపు పైకీ కిందికీ ఊగుతాయి. ఇవతలి మనిషి "నిలబడిందా?" అని కేక వేయాలి. గోడకు అవతల, కంటికి కనిపించని మనిషి "నిలబడింది" అనాలి. అప్పుడే రెండు పక్కలా పెన్సిలు గీత పడుతుంది. మేస్త్రిగారు ఈ పని పాతికేళ్ళు చేశారు. నలభై దాటాక పరంజా మీదినుంచి జారిపడి మోకాలు పోగొట్టుకున్నారు. ఇక ఎత్తులు ఎక్కరాదని వైద్యులు ఉత్తర్వు ఇచ్చారు. నేల మీద చేయగల చిల్లర పనులు వెతుక్కుంటూ ఆయన, కంప్యూటరు ప్రోగ్రాములు రాసే మా ఆఫీసుకు వచ్చారు.

దేశం తలుపులు తెరిచిందని పత్రికలు రాస్తున్న రోజులవి. వేలూరులో ఆ తెరవడం గోడలకు రంధ్రాలు పెట్టడంతో మొదలైంది. ఒక గదిలోని కంప్యూటరును అవతలి గదిలోని కంప్యూటరుతో కలపాలంటే నల్లటి కేబులు లాగాలి, కేబులుకు దారి కావాలి. మా ఆఫీసులో ఉన్నవి రెండే కంప్యూటర్లు, వాటి నడుమ గోడ ఒకటి. మేస్త్రిగారు ఉలితో, సుత్తితో పది నిమిషాల్లో దారి చేశారు. ఇక వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు.

"ఈ తీగెలో ఏం పోతాదప్పా?" అని నన్ను అడిగారు.

"ఇక్కడ రాసింది అక్కడికి పోతుంది."

"రాసింది రాసినట్టే పోతాదని యాడ నమ్మకం?"

ఆ ప్రశ్నకు మా సంస్థలో జవాబు లేదు. జవాబు లేని ప్రశ్న అడిగినందుకు యజమాని ఆయనను ఉద్యోగంలో పెట్టుకున్నారు. మొదట కేబుల్ని చూసుకొనే పని. ఏడాది తిరక్కుండా రెండు వేళ్ళతో టైపు చేయడం, మరో ఏడాదికి ప్రోగ్రాము రాయడం నేర్చుకున్నారు. కట్టడపు పనిలో ఉన్న బంధువులు తొరపాడి నుంచి వచ్చి కిటికీలోంచి చూసి వెళ్ళేవారు. "ఏం బావా, నీడలో కూర్చొని టీవీ చూస్తా ఉండావే, ఇంకా ఏం కావాల నీకు?" అని బామ్మర్ది అనేవాడు. మోపెడ్ మీద వచ్చి వార్త సరిచూసి పోయినది ఈయనే. మేస్త్రిగారు తల తిప్పకుండా, "దీంట్లో గూడా గోడే కడతా ఉండాను రా. పడితే నీ నెత్తిన పడదు, అంతే తేడా" అనేవారు.

ఆయన మాకు ఇచ్చిన పద్ధతి ఇది. ఒక ప్రోగ్రాము అసలు పాఠం, దానికి నాటినుంచి నేటిదాకా జరిగిన మార్పులన్నీ వరస నంబర్లతో, పాత రూపం ఒక్కటీ పారేయకుండా, ఒకేచోట ఉండాలి. దాన్ని ఆయన సోర్సు కొట్టు అనేవారు, సామాను కొట్టు అన్నట్టు. ఆ కొట్టు మొత్తంగా రెండు కంప్యూటర్లలోనూ ఉండాలి. కేబులు మీద నకలు చేశాక ఒకరు ఇవతల, ఒకరు అవతల కూర్చోవాలి. ఇవతలివారు ఫైలు పేరు, అందులోని వరుసల సంఖ్య పైకి చదవాలి. గోడకు అవతలివారు తమ తెర మీద చూసి "నిలబడింది" అనాలి. రెండువందల ఫైళ్ళుంటే రెండువందల సార్లు. మీట నొక్కేముందు "పోనీనా?" అని అడగాలి, అవతలినుంచి "పోనీ" అన్న అనుమతి రావాలి. దీన్ని చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను, మొదటి నెల మాత్రమే.

కేబులుకు రెండు చివరలా రెండు చిన్న లోహపు మూతలు ఉంటాయి. వాటిలో ఏ ఒకటి ఊడినా కేబులు మొత్తం మూగబోతుంది, ఏ కంప్యూటరూ ఇంకో కంప్యూటరును గుర్తుపట్టదు. కంపెనీవాళ్ళు వాటికి ఏదో పేరు పెట్టారు. మేస్త్రిగారు బిరడా అన్నారు, మేమూ అదే అన్నాం. ఆ సంగతిని మా అందరికంటే ముందు అర్థం చేసుకున్నది కూడా ఆయనే. "ట్యూబు కొస మీద వేలు తీసినావంటే నీళ్ళన్నీ కారిపోవా? అదే దా ఇది" అన్నారు.

ఇక భయం గురించి చెప్పాలి. మా ఆఫీసులో పనులన్నీ భయం మీద నడిచేవి. కరెంటు పోతుందని, డిస్కు చెడుతుందని, ఉరిమితే మెరుపు కేబుల్లోకి దిగుతుందని భయం. మేస్త్రిగారు భయాన్ని దాచుకొనేవారు కారు, దానికి ఒక కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టుకొనేవారు. "నాకు భయంగా ఉండాదప్పా, ఇంకొక ప్రతి తీద్దాం" అని మామూలు గొంతుతో అనేవారు, దాహంగా ఉంది మంచినీళ్ళు తాగుదాం అన్నట్టు. మా భయం వేరు. మాకు ఆయనంటే భయం. ఆయన కోప్పడరు. తప్పు జరిగితే పెన్సిలు చెవి మీదినుంచి తీసి, దాని మొన చూసి, మళ్ళీ చెవి మీద పెట్టుకుంటారు. అంతే. ఆ నిమిషంలో తప్పు చేసినవాడు తాను పుట్టిన రోజుదాకా వెనక్కి వెళ్ళి ఆత్మపరిశీలన చేసుకొనేవాడు.

అప్పుడు గుడియాత్తంలో లుంగీలు నేయించే ముదలాళి, అంటే మగ్గాల యజమాని, ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. లుంగీ గళ్ళ డిజైను అంటే పడుగులో ఏ రంగు నూలు ఎన్ని పోగులు, ఆ తర్వాత ఏ రంగు, పేకలో ఎలా అన్న వరస. దాన్ని గళ్ళ కాగితం మీద చేత్తో వేసే ముసలాయన చూపు మందగించింది. ఆ పని కంప్యూటరుతో చేయించాలని ముదలాళి కోరిక. మేస్త్రిగారు ఆ ప్రోగ్రామును తానే రాస్తానన్నారు. అది ఆయన సొంతంగా రాసిన మొదటి ప్రోగ్రాము. నాలుగు నెలలు గుడియాత్తంలో మగ్గాల చప్పుడు నడుమ, ఆ ముసలాయన పక్కన కూర్చొని రాశారు. మా రెండు కంప్యూటర్లలో ఒకదాన్ని పెట్టెతో సహా లుంగీలో మూటకట్టి బస్సులో వెంట తీసుకుపోయేవారు. దానికి ప్రయాణపు పెట్టె అని పేరు. ముదలాళి తన మగ్గాల షెడ్డుకు ఒక కంప్యూటరు కొన్నాడు. ప్రయాణపు పెట్టెను అక్కడి కేబులుకు తగిలించి స్విచ్చి వేస్తే చాలు, షెడ్డు కంప్యూటరు లేస్తూనే దానిలోని సోర్సు కొట్టు మొత్తాన్ని తనంతట తానే తనలోకి నకలు చేసుకొనేటట్టు మేస్త్రిగారు ఏర్పాటు చేశారు. పాతది తుడుచుకొని కొత్తది దించుకుంటుంది, ఎవరినీ ఏమీ అడగదు. షెడ్డులోని గుమాస్తాకు భయం లేకుండా ఉండాలని ఆ ఏర్పాటు.

నాలుగు నెలల పని పూర్తయింది. మరునాడు షెడ్డులో ముదలాళి మొదటి మగ్గానికి కంప్యూటరు డిజైను ఎక్కిస్తాడు. ముందురోజు మధ్యాహ్నం మేస్త్రిగారు ప్రయాణపు పెట్టెతో వేలూరు వచ్చారు. ఆఫీసులో ఉండిపోయిన పెద్ద కంప్యూటరు నాలుగు నెలలు వెనకబడి ఉంది, దానిలోకి కొత్త కొట్టు దించాలి. ఆ పని నాది. నాకప్పటికి ముప్పై రెండేళ్ళు. వయసును సాకుగా చూపించే వీలు లేదు.

ఆదేశం టైపు చేశాను. ఎక్కడినుంచి అన్నది ముందు రాయాలి, ఎక్కడికి అన్నది తర్వాత రాయాలి. నేను తారుమారు చేశాను. "పోనీనా?" అన్నాను. గోడకు అవతలినుంచి, "పోనీ" అన్నారు. నాలుగు నెలల వెనకటి పాతది వెళ్ళి నాలుగు నెలల కొత్తదాన్ని తుడిచి, దాని స్థానంలో కూర్చుంది.

తర్వాత విధి ప్రకారం చదవడం మొదలైంది. నేను పెద్ద కంప్యూటరు దగ్గర, ఆయన గోడకు అవతల ప్రయాణపు పెట్టె దగ్గర. నేను పేరు చదువుతాను, సంఖ్య చదువుతాను. ఆయన "నిలబడింది" అంటారు. ఒక్కటీ తప్పలేదు. ఎలా తప్పుతుంది? రెండు పక్కలా ఒకే పాతది ఉంది. ట్యూబులో నీళ్ళకు దిశ లేదు. ఏ కొస అసలు, ఏ కొస నకలు అని మేస్త్రిపనిలో ఎవరూ అడగరు, రెండూ సమానమైతే పని అయినట్టే. పాతికేళ్ళుగా ఆయన అవతలి కొసను అనుమానించడం నేర్చుకున్నారు. తన చేతిలోని కొసను అనుమానించవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

పడుగు వరస తయారుచేసే ఫైలు దగ్గరికి వచ్చేసరికి నా తెర మీద దాని తేదీ కనిపించింది. అది నాలుగు నెలల కిందటిది. వరుసలు నూట పన్నెండు. ఆ ఫైలు తొమ్మిది వందలు దాటిందని ఆయనే భోజనం దగ్గర చెప్పారు. ఏం జరిగిందో ఆ క్షణంలోనే పూర్తిగా తెలిసింది. పాఠకులు దీన్ని నమోదు చేసుకోవలెను. నాకు తెలియక కాదు, తెలిసే. "నూట పన్నెండు" అని చదివాను. గోడకు అవతల ఆయన వేలుతో సంఖ్యను తడుముకొని, రెండూ ఒకటేనా అన్నది మాత్రమే చూసి, నమ్మకంగా, "నిలబడింది" అన్నారు. నేను తర్వాతి ఫైలు చదివాను.

ఇక మిగిలింది షెడ్డు కంప్యూటరులోని ప్రతి ఒక్కటే. మూడు రోజుల కిందట చివరిసారి తగిలించినప్పటి దాకా ఆయన రాసినదంతా అందులో ఉంది. మరునాడు ప్రయాణపు పెట్టెను దానికి తగిలించి స్విచ్చి వేయగానే అదీ తుడుచుకుపోతుంది. ఆపడానికి నేను ఒక్క మాట చెబితే చాలు.

మరునాటి ఉదయం పాత బస్టాండులో గుడియాత్తం బస్సు ఎక్కాం. పెట్టె ఆయన ఒళ్ళో ఉంది, లుంగీ ముడి పైకి చెవుల్లా నిలబడి ఉంది. విరించిపురం దాటేలోగా చెప్పేయాలనుకున్నాను. నోరు తెరిచాను. కండక్టరు వచ్చాడు. "ఇదు ఎన్న సార్, టీవీ పెట్టియా?" అని అరవంలో అడిగి పెట్టెను తట్టాడు.

"తట్టద్దప్పా, తట్టద్దు. టీవీ ఇల్లె. దీంట్లో నా నాలుగు నెలలు ఉండాయి" అన్నారు మేస్త్రిగారు.

కండక్టరు నవ్వి వెళ్ళిపోయాడు. పళ్ళికొండ దగ్గర రెండోసారి ప్రయత్నించాను. ఆయన కిటికీలోంచి కడుతున్న మేడ ఒకటి చూపించి, "ఆ సన్‌షేడ్ చూసినావా, వంకర. వాడు నీళ్ళు నిలబడేదాకా కాచుకోలే" అన్నారు. పాలారు వంతెన మీద మూడోసారి. కింద నీళ్ళు లేవు, ఇసుక మాత్రమే ఉంది. ఆయన నా ముఖం చూసి, "ఏమప్పా, తెల్లగా అయిపోయినావు? బస్సు పడలేదా?" అని అడిగారు. అవునన్నాను. చొక్కా జేబులోంచి నిమ్మకాయ తీసి ఇచ్చారు. వాసన చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు నిమ్మకాయ వాసనకు నాకు ఆ వంతెన గుర్తుకొచ్చేది. ఇప్పటికీ వస్తుంది.

షెడ్డులో అంతా సిద్ధంగా ఉంది. ముదలాళి తెల్ల పంచె కట్టి, పళ్ళెంలో కర్పూరంతో నిలబడి ఉన్నాడు. గళ్ళ కాగితాల ముసలాయన మూలన కుర్చీలో కూర్చున్నాడు. మేస్త్రిగారు ప్రయాణపు పెట్టెను బల్ల మీద దించి, కేబులు తగిలించి, చివర బిరడా బిగించి, వేలితో తిప్పి చూసుకొని, పెట్టెకు స్విచ్చి వేశారు. ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నారు. నేను బల్ల వెనక మిగిలాను.

"వేసేదా మేస్త్రీ?" అని ముదలాళి షెడ్డు కంప్యూటరు స్విచ్చి మీద చేయి పెట్టాడు.

"ఒక నిముసం. ఈయప్ప చెప్పాల" అని మేస్త్రిగారు నా వైపు తిరిగారు. "పోనీనా?"

అందరూ నన్ను చూస్తున్నారు. "వద్దు" అన్నది రెండక్షరాల మాట. నా పెదవులు "పోనీ" అన్నాయి. నా చేయి మాత్రం నన్ను అడగకుండా బల్ల వెనక్కి వెళ్ళి, బిరడాను తిప్పి ఊడదీసింది. షెడ్డులో ఎర్తు సరిగా లేదు. మోచేతిదాకా షాకు కొట్టింది. పిడికిలి విప్పలేదు.

షెడ్డు కంప్యూటరు లేచింది. కేబులు అవతల ఎవరైనా ఉన్నారా అని వెతికింది. చాలాసేపు వెతికింది. కర్పూరం అయిపోయింది. ఎవరూ లేరని తెర మీద రాసి, తనలోని కొట్టును ముట్టుకోకుండా ఊరుకుంది.

"ఏమాయ?" అన్నాడు ముదలాళి.

మేస్త్రిగారు కుంటుతూ బల్ల చుట్టూ వచ్చారు. కేబులును చివరనుంచి వేళ్ళతో తడుముకుంటూ వచ్చి, బిరడా ఉండవలసిన చోట ఆగారు. అక్కడినుంచి ఆయన చూపు నా పిడికిలికి వచ్చింది. పెన్సిలు తీశారు. మొన చూశారు. చెవి మీద పెట్టుకున్నారు.

"విప్పు" అన్నారు మెల్లగా.

విప్పాను. అరచేతిలో బిరడా గుండ్రటి అచ్చు పడి ఉంది.

"తిరగబడిందా?"

తలూపాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"చదివేటప్పుడే అన్నా. నూట పన్నెండు దగ్గర."

ఆయన బిరడాను తీసుకొని చొక్కా జేబులో వేసుకున్నారు. ఆలోగా నేను ఉద్యోగం, పరువు, వేలూరు మూడూ వదిలేసి వెళ్ళిపోయాను, మళ్ళీ వచ్చాను. చివరికి ఆయన ముదలాళి వైపు తిరిగి, "తప్పు మాది. అయిన పని చెడిపోలే, మీ పెట్టెలో భద్రంగా ఉండాది. మగ్గం మధ్యాన్నం ఎక్కిద్దాం" అన్నారు. మూలనుంచి ముసలాయన, "నా కండ్లే మేలు, యా బిరడా అక్కరలేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ముసలాయన తప్ప.

అప్పుడు బిరడా మళ్ళీ బిగించి, షెడ్డు కంప్యూటరులోని కొట్టును కేబులు మీద ప్రయాణపు పెట్టెలోకి దించాం. మీట నొక్కేముందు మేస్త్రిగారు ఆగి, ఎన్నడూ అడగని ప్రశ్న అడిగారు. "యా పక్కనుంచి యా పక్కకప్పా?" చెప్పాను. "ఇంకోసారి చెప్పు." చెప్పాను. ఫైళ్ళు చదివాం, ఈసారి తేదీతో సహా. పోయిన మూడు రోజుల పనిని ఆయన గుర్తున్నమేరకు అక్కడే కూర్చొని మళ్ళీ రాశారు. మధ్యాహ్నం మూడింటికి మొదటి మగ్గం కదిలింది. నీలం గళ్ళ లుంగీ. ఒక గడిలో రెండు పోగులు ఎక్కువ పడ్డాయని ముసలాయన చూపు మందగించిన కళ్ళతోనే కనిపెట్టాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు పళ్ళికొండ దాటింది. అప్పుడు ఆయన అన్నారు: "యా పక్కనుంచని నేను అడగలే. అది నాది. తెలిసీ నిలబడినట్టే చదివినావే, అది నీది. భయం ఉండేది మంచిదే అప్పా. దాన్ని పిడికిట్లో పెట్టుకోవద్దు. నోటితో చెప్పు. ప్రతిసారీ బిరడా చేతికి అందదు."

అన్నాక, లుంగీలో మూటకట్టిన పెట్టెను ఎత్తి నా ఒళ్ళో పెట్టి, కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. వేలూరు వచ్చేదాకా నేను దాన్ని రెండు చేతులా పట్టుకొని కూర్చున్నాను.

ఆ తర్వాత మా ఆఫీసు మూతపడింది. ముదలాళి మగ్గాలు చేతులు మారాయి. ఆ ప్రోగ్రాము ఇప్పుడు ఎవరికీ అక్కరలేదు. మేస్త్రిగారు మాత్రం ఆ కొట్టును తొరపాడిలో తన ఇంటి కంప్యూటరులో ఉంచుకొని, ఏడాదికొకసారి పక్కన ఇంకో పెట్టె తగిలించి నకలు తీసేవారట. రెండో కొసన ఆయన భార్య కూర్చొనేది. ఆమెకు ఏ భాషలోనూ చదవడం రాదు, అంకెలు మాత్రం వచ్చును. ఆయన అంకె చదివితే ఆమె తెర మీద వేలు పెట్టి పోల్చి చూసి చెప్పేది. ఇది ఆమె చెబితేనే నాకు తెలిసింది.

కర్మాంతరాలు అయిన వారానికి ఆమె ఫోను చేసింది. "ఆ పెట్టె గురగురమంటా ఉండాది నాయనా. కడకు ఆయప్ప గుండె చేసిన మాదిరే. నిలిచిపోయేలోగా వచ్చి ఎత్తుకో." బామ్మర్ది ఫోను చేసి, అక్క ఏం చెప్పిందో నాచేత చెప్పించుకున్నాడు. నా కంప్యూటరును ఆటోలో, ఒళ్ళో పెట్టుకొని వెళ్ళాను. పాత కేబులు, రెండు బిరడాలు ఇంట్లోనే ఉన్నాయి. ముందుగదిలో ఆయన పెట్టె, పక్కగదిలో నాది. నడుమ గోడకు ఆయన ఎన్నడో చేసిన రంధ్రం ఉంది. గదిలో చుట్టూ ఒకే ఎత్తున పెన్సిలు గీతలు ఉన్నాయి, సున్నం కింద మసగ్గా. ఆదేశం టైపు చేశాను. మూడుసార్లు చూసుకున్నాను.

"యా పక్కనుంచి యా పక్కకు నాయనా?" అని గోడకు అవతలినుంచి ఆమె అడిగింది.

"నీ పక్కనుంచి నా పక్కకు వదినా. నాకు భయంగా ఉండాది."

"ఉండనీ. పోనీ."

డిస్కు గురగురమంటూనే అంతా దింపింది. తర్వాత చదివాను. ఒక్కొక్క అంకెకూ అవతల వేలుగోరు గాజు మీద టక్కుమనడం వినిపించేది, ఆ తర్వాత ఆమె మాట. చివరికి పడుగు వరస ఫైలు వచ్చింది. తేదీ చూశాను. తొమ్మిది వందల నలభై ఒకటి అని చదివాను. గోరు చప్పుడు వినిపించింది. మాట రాలేదు.

"వదినా?"

"ఉండు నాయనా. ఆయప్ప చెప్పిందే గదా. నీళ్ళు ఊగేది ఆగేదాకా కాచుకోవాల."

గోడకు ఇవతల నేను, అవతల ఆమె కాచుకొని కూర్చున్నాం.